ఒక్క గేటుతో కంప్యూటర్: ఆడేవాళ్ల సందేహాలు



నాండ్‌గేమ్ అని ఒక ఆట ఉంది. బ్రౌజర్ తెరిచి ఉచితంగా ఆడుకోవచ్చు. అందులో తుపాకులు లేవు, కార్ల పందేలు లేవు. తెర మీద కొన్ని పెట్టెలుంటాయి, వాటి మధ్య తీగలు లాగాలి. మొదటి మెట్టులో రెండు రకాల రిలేలు చేతికిచ్చి, వీటితో నాండ్ గేటు కట్టమంటుంది. గేటు అంటే 0, 1లను తీసుకుని 0గానీ 1గానీ బయటికి ఇచ్చే చిన్న సర్క్యూట్. తీగలో కరెంటుంటే 1, లేకపోతే 0. అలాంటి ఒక్కో 0 లేదా 1ని బిట్ అంటారు. రిలే అంటే కరెంటుతో నడిచే స్విచ్చి. దానిలోని తీగచుట్టకు కరెంటు అందితే ఒక రకం కలుస్తుంది, ఇంకో రకం విడిపోతుంది. ఆ నాండ్ గేటు కట్టేశారంటే ఇక దాన్నే పునాదిగా పెట్టుకుని మిగిలిన గేట్లు కట్టాలి. వాటితో కూడికలు, తీసివేతలు చేసే సర్క్యూట్లు, ఆపైన అంకెను గుర్తుపెట్టుకునే సర్క్యూట్లు, చివరకు ఆదేశాలు చదివి పాటించే 16 బిట్ల కంప్యూటరు. అంతా ఆడేవాళ్లే కట్టుకుంటూ పోవాలి.

దీని వెనక ఒక కోర్సు ఉంది. నోమ్ నిసాన్, షిమోన్ షాకెన్ అనే ఇద్దరు ఇజ్రాయెల్ ఆచార్యులు, నాండ్ గేటుతో మొదలుపెట్టి టెట్రిస్ ఆడగల కంప్యూటరు దాకా విద్యార్థి చేతే కట్టించే పాఠాలు తయారుచేశారు. ఆ పుస్తకం 2005లో ఎం.ఐ.టి. ప్రెస్ నుంచి వచ్చింది. నాండ్‌గేమ్ ఆ పాఠాల స్ఫూర్తితో పుట్టిందే. ఈ రకం ఆటలు మరీ కొత్తవి కూడా కావు. 1982లోనే అమెరికాలో రాకీస్ బూట్స్ అనే ఆట పిల్లల చేత లాజిక్ గేట్లు కలిపించింది.

ఈ ఆట మొదలుపెట్టినవాళ్లకు వచ్చే సందేహాల గురించి ఈవేళ మాట్లాడుకుందాం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ సందేహాలు పైకి వేరువేరుగా కనిపించినా చాలావాటి వేరు ఒక్కటే. మనం పనుల్ని వరుసలో ఆలోచిస్తాం. ముందు ఇది, తర్వాత అది. కాస్త ప్రోగ్రామింగ్ నేర్చినవాళ్లకు ఈ అలవాటు ఇంకా గట్టిగా ఉంటుంది. సర్క్యూట్‌లో ఆ వరుస లేదు. ఉన్న గేట్లన్నీ ఒకేసారి, ఎవరి కోసం ఎవరూ ఆగకుండా, ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటాయి. ఈ సంగతి మనసుకు పట్టేదాకా ప్రతి మెట్టూ ఇబ్బంది పెడుతుంది.

మొదటి మెట్టు దగ్గరే ఈ ఇబ్బంది మొదలవుతుంది. నాండ్ గేటుకు రెండు ఇన్‌పుట్లు, ఒక అవుట్‌పుట్. ఇన్‌పుట్లకు ఎ, బి అని పేర్లు పెట్టుకుందాం. రెండూ 1 అయితేనే అవుట్‌పుట్ 0. మిగతా మూడు సందర్భాల్లో 1. ఇక్కడ చాలామంది అడుగుతారు: ముందు ఎ వస్తుందా, బి వస్తుందా? ఏదీ ముందు రాదు. రెండూ అక్కడ ఉన్నాయి, వాటి స్థితిని బట్టి అవుట్‌పుట్ ఉంది, అంతే.

ఇంకో ప్రశ్న ఇంతకన్నా మంచిది. ఎ, బి రెండూ 0 అయినప్పుడు అవుట్‌పుట్ 1 అంటున్నారు కదా, ఆ 1 ఎక్కడి నుంచి వస్తోంది? ఈ ప్రశ్న అడిగినవాళ్లకు సగం ఆట వచ్చేసినట్టే. ఇన్‌పుట్ల నుంచి కాదు. ఎప్పుడూ కరెంటుండే సరఫరా తీగ ఇంకొకటి ఉంటుంది. ఆట మొదటి మెట్టులో దాన్ని విడిగా చూపిస్తుంది. ఇన్‌పుట్లు చేసేదల్లా ఆ సరఫరాకు దారి ఇవ్వడమో, ఆపడమో. రెండో మెట్టు నుంచి ఆ తీగ బొమ్మలో కనిపించదు. కనిపించకపోయినా ప్రతి గేటు లోపలా ఉంటుంది. నిజమైన చిప్‌లోనూ అంతే. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల 7400 చిప్‌లో నాలుగు నాండ్ గేట్లుంటాయి, 14 కాళ్లుంటాయి. నాలుగు గేట్లకు మూడేసి చొప్పున 12 పోగా మిగిలిన రెండు కాళ్లు సరఫరాకూ గ్రౌండుకూ.

రెండూ 1 అయితేనే 1 ఇచ్చే అండ్, ఏ ఒక్కటి 1 అయినా 1 ఇచ్చే ఆర్, ఉన్నదాన్ని తిరగేసే నాట్ అని మూడు తేలికైన గేట్లు ఉండగా, ఈ తలకిందుల నాండ్‌తో ఎందుకు మొదలుపెట్టాలి? ఇది న్యాయమైన ప్రశ్న. అండ్ గేట్లు, ఆర్ గేట్లు ఎన్నయినా తీసుకోండి, ఎలాగైనా కలపండి. ఇన్‌పుట్లన్నీ 0 పెడితే అండ్ 0 ఇస్తుంది, ఆర్ కూడా 0 ఇస్తుంది. వాటి వెనక ఎన్ని పెట్టినా 0 తప్ప ఇంకేం రాదు. అంటే 0ని 1గా మార్చే నాట్ గేటు వాటితో ఎన్నటికీ తయారుకాదు. నాండ్‌కు ఆ లోటు లేదు. రెండు ఇన్‌పుట్లనూ ఒకే తీగకు కలిపితే అదే నాట్. నాండ్ వెనక నాట్ పెడితే అండ్. ఇలా ఏ లాజిక్ అయినా ఒక్క నాండ్‌తోనే కట్టవచ్చు. ఒక్క క్రియతో తర్కం మొత్తం నడపవచ్చని 1913లో హెన్రీ షెఫర్ అనే అమెరికన్ తార్కికుడు ప్రచురించాడు. చార్ల్స్ పర్స్ అనే ఇంకో తార్కికుడికి ఆ విషయం 1880 ప్రాంతంలోనే తట్టింది. కాకపోతే ఆ కాగితాలు ఆయన బతికుండగా అచ్చుకాలేదు.

గణితం అలా ఉంచండి, ధర సంగతి కూడా ఉంది. ఇప్పటి చిప్‌లలో నాండ్ గేటుకు నాలుగు ట్రాన్సిస్టర్లు సరిపోతాయి. అండ్ కావాలంటే నాండ్ కట్టి, దాని వెనక ఇంకో రెండు ట్రాన్సిస్టర్లతో నాట్ తగిలించాలి, మొత్తం ఆరు. మనకు తేలికగా కనిపించే అండ్ సిలికాన్‌కు ఖరీదైనది. అలాగని నాండ్ ఒక్కటే దిక్కు అనుకోకండి. ఆర్‌ను తిరగేసిన నార్ గేటుకూ ఇదే శక్తి ఉంది. చంద్రుడి మీదికి వెళ్లిన అపోలో నౌకలోని గైడెన్స్ కంప్యూటర్‌లో లాజిక్ అంతా మూడు ఇన్‌పుట్ల నార్ గేట్లతోనే కట్టారు. ఒకే రకం చిప్ అయితే పరీక్షించడం సులువు, నమ్మకం ఎక్కువ. ఆ రోజుల్లో ఇంజనీర్లు చూసుకున్నది అదే.

రిలేలు ఎందుకంటారా? ఇప్పుడెవరు వాడుతున్నారని పిల్లలు అడుగుతారు. కంప్యూటర్ కథ నిజంగానే రిలేలతో మొదలైంది గనుక. 1937లో బెల్ ల్యాబ్స్ ఉద్యోగి జార్జ్ స్టిబిట్జ్ రెండు టెలిఫోన్ రిలేలు ఇంటికి తెచ్చుకున్నాడు. టార్చిలైటు బల్బులు, పొగాకు డబ్బా నుంచి కత్తిరించిన రేకు ముక్కలు కలిపి, ఒక్కో బిట్ ఉన్న రెండు సంఖ్యలను కూడే పరికరం వంటింటి బల్ల మీద కట్టాడు. దానికి మోడల్ కె అని పేరొచ్చింది. కె అంటే కిచెన్. అదే ఏడాది క్లాడ్ షానన్ అనే 21 ఏళ్ల కుర్రవాడు ఎం.ఐ.టి.లో మాస్టర్స్ థీసిస్ రాశాడు. జార్జ్ బూల్ 1854లో పుస్తకంగా వేసిన తర్కపు బీజగణితమూ, టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో టకటకలాడే రిలేల వలయాలూ ఒకే సూత్రాలతో నడుస్తాయని అందులో చూపించాడు. ఆట మొదటి మెట్టులో మనం చేసే పని స్టిబిట్జ్ వంటింట్లో చేసినదానికి చాలా దగ్గర. పైగా రిలేకు ఒక సౌకర్యం ఉంది. దాని స్విచ్చి కదలడం కంటికి కనిపిస్తుంది. ట్రాన్సిస్టరుతో మొదలుపెడితే అర్ధవాహకాల పాఠం ముందు చెప్పాలి.

తర్వాత ఆర్ గేటు కట్టే మెట్టు దగ్గర చాలామంది చిక్కుకుంటారు. రెండు ఇన్‌పుట్లనూ ముందే తిరగేసి, వాటిని నాండ్‌కు ఇవ్వాలి. ఇదెలా ఆర్ అయింది? మాటల్లో పెడితే తేలిపోతుంది. అన్నదమ్ములిద్దరిలో కనీసం ఒకరు పెళ్లికి వచ్చారు అనండి. లేదా, అన్న రాలేదు, తమ్ముడూ రాలేదు అనే రెండు మాటలూ నిజం కావడం జరగలేదు అనండి. రెంటికీ అర్థం ఒకటే. రెండో వాక్యమే ఆ సర్క్యూట్. దీన్ని డి మోర్గాన్ సూత్రం అంటారు. అగస్టస్ డి మోర్గాన్ పుట్టింది 1806లో, మన మద్రాసు ప్రెసిడెన్సీలోని మదురైలో. తండ్రి ఈస్టిండియా కంపెనీ సైన్యంలో అధికారి. పసిబిడ్డగా ఉండగానే కుటుంబం ఇంగ్లండు వెళ్లిపోయింది గానీ, భారతదేశం మీద ఆయనకు ఆసక్తి పోలేదు. ఢిల్లీకి చెందిన రామచంద్ర అనే గణిత ఉపాధ్యాయుడి పుస్తకాన్ని 1859లో లండన్‌లో తన ముందుమాటతో వేయించింది ఆయనే.

ఇప్పుడు ఎక్సార్ దగ్గరికి వద్దాం. ఈ ఆటలో అందరికీ గుర్తుండిపోయే మెట్టు ఇది. రెండు ఇన్‌పుట్లు వేరువేరుగా ఉంటేనే ఎక్సార్ 1 ఇస్తుంది. రెండూ 0 అయినా, రెండూ 1 అయినా 0. అప్పటికే కట్టిన నాండ్, నాట్, అండ్, ఆర్ అన్నీ చేతిలో ఉంటాయి. మామూలుగా తట్టే జవాబు ఇది: ఎ, బిలలో కనీసం ఒకటి 1, కానీ రెండూ 1 కాదు. అంటే ఒక ఆర్, ఒక నాండ్, వాటి మీద ఒక అండ్. సరైన జవాబే. కానీ నాండ్‌ల లెక్కలోకి దించితే ఆర్‌కు మూడు, నాండ్‌కు ఒకటి, అండ్‌కు రెండు, మొత్తం ఆరు అవుతాయి. నాలుగు నాండ్‌లతోనే చేయవచ్చు.

రేడియోలో బొమ్మ చూపించలేను గనుక, దగ్గర కాగితం ఉంటే తీసుకోండి. ఎ, బిలను ఒక నాండ్‌కు ఇవ్వండి. వచ్చినదానికి మధ్యమం అని పేరు పెట్టండి. ఇప్పుడు ఎను, మధ్యమాన్ని కలిపి రెండో నాండ్‌కు. బిని, మధ్యమాన్ని కలిపి మూడో నాండ్‌కు. ఆ రెండింటి ఫలితాలను నాలుగో నాండ్‌కు. సరిచూద్దాం. ఎ, బి రెండూ 1 అనుకోండి. మధ్యమం 0. రెండో నాండ్‌కు 1, 0 వెళ్లాయి, 1 వచ్చింది. మూడోదానికీ అంతే, 1. నాలుగోదానికి రెండూ 1, కాబట్టి 0. ఇప్పుడు ఎ 1, బి 0. మధ్యమం 1. రెండో నాండ్‌కు రెండూ 1, కాబట్టి 0. మూడోదానికి 0, 1 గనుక 1. నాలుగోదానికి 0, 1 వెళ్లి 1 వచ్చింది. మిగిలిన రెండు సందర్భాలూ మీరు చూసుకోండి. ఇందులో కిటుకు మధ్యమాన్ని రెండు చోట్ల వాడుకోవడం. ఒకసారి లెక్క కట్టిన ఫలితాన్ని ఎన్ని చోట్లకైనా తీగ లాగి పంచవచ్చు.

నా జవాబు పెద్దది, తప్పా అని ఇక్కడే అడుగుతారు. తప్పు కాదు. మెట్టు దాటడానికి సత్యపట్టిక, అంటే ఏ ఇన్‌పుట్లకు ఏ అవుట్‌పుట్ రావాలో చెప్పే పట్టిక, సరిపోలితే చాలు. ఇంకా తక్కువ నాండ్‌లతో చేయవచ్చేమో అని ఆట ఒక మాట అంటుంది, అంతే. ఆ మాటకు బెంబేలెత్తి అక్కడే రోజులు గడిపేవాళ్లున్నారు. నన్నడిగితే ముందుకు వెళ్లిపోండి, కుదించడం తర్వాత తీరిగ్గా చేసుకోండి.

ఇంటర్నెట్‌లో జవాబు చూస్తే మోసం చేసినట్టా? ఇది మీకూ మీ మనస్సాక్షికీ మధ్య విషయం. ఎక్సార్‌కు చూసినా పెద్ద నష్టం లేదు. నాలుగు నాండ్‌ల అమరిక తెలివైన ఉపాయం, అందరికీ తట్టాలని లేదు. కానీ కాసేపట్లో చెప్పబోయే లాచ్ మెట్టుకు మాత్రం చూడొద్దని బతిమాలుతాను. అక్కడ చూస్తే ఆట మొత్తంలో ఉన్న అసలు విషయమే మీ చేతి నుంచి జారిపోతుంది.

రెండు అవుట్‌పుట్ తీగల్ని ఒకే ఇన్‌పుట్‌కు ఎందుకు కలపకూడదు? దీనికి జవాబు చిన్నదే. ఒకటి 1 అని, ఇంకొకటి 0 అని చెబితే ఎవరి మాట వినాలి? నిజమైన సర్క్యూట్‌లో అయితే సరఫరా నుంచి గ్రౌండుకు నేరుగా దారి పడి చిప్ వేడెక్కుతుంది, కాలిపోనూ వచ్చు. అటునుంచి ఇటు మాత్రం ఇబ్బంది లేదు, ఒక అవుట్‌పుట్ పది ఇన్‌పుట్లకు వెళ్లవచ్చు.

ఇక కూడిక. 0, 1లతోనే రాసే బైనరీలో ఒక్కో అంకె ఉన్న రెండు సంఖ్యల్ని కూడితే మొత్తం ఎక్సార్ ఇస్తుంది, చేతిలో మిగిలేది, అంటే క్యారీ, అండ్ ఇస్తుంది. ఇందాకటి మధ్యమాన్ని తిరగేస్తే అదే అండ్. కాబట్టి ఐదు నాండ్‌లతో హాఫ్ యాడర్ అయిపోతుంది. ముందు స్థానం నుంచి వచ్చే క్యారీని కూడా కలుపుకునేది ఫుల్ యాడర్. ఇందులో రెండు హాఫ్ యాడర్లుంటాయి, రెండు క్యారీలు వస్తాయి. వాటిని ఆర్‌తో కలపాలా, ఎక్సార్‌తో కలపాలా అని పెద్ద చర్చ. దేంతో కలిపినా ఒకటే. రెండు క్యారీలూ ఒకేసారి 1 కావడం జరగదు. మొదటి హాఫ్ యాడర్‌లో క్యారీ వచ్చిందంటే అక్కడ మొత్తం 0, ఆ 0కు ఏం కలిపినా రెండో చోట క్యారీ రాదు. ఈ సంగతి గ్రహిస్తే ఫుల్ యాడర్ తొమ్మిది నాండ్‌లకు దిగుతుంది.

ఇలాంటివి పదహారు వరుసగా పెడితే 16 బిట్ల కూడిక. ఇక్కడ ఆట ఒక నిజాన్ని దాస్తుంది. తెర మీద జవాబు తక్షణం వచ్చేస్తుంది. సిలికాన్‌లో ప్రతి గేటుకూ కొంత ఆలస్యం ఉంటుంది. కుడి చివర పుట్టిన క్యారీ ఒక్కో మెట్టూ దాటుకుంటూ ఎడమ చివరకు చేరేదాకా మధ్యలో కనిపించే జవాబులన్నీ తప్పుడువే. గేట్లన్నీ ఒకేసారి పనిచేస్తాయన్న మాట నిజమే, కానీ వార్త చేరడానికి సమయం పడుతుంది. అందుకే నిజమైన ప్రాసెసర్లలో క్యారీని ముందే లెక్కగట్టే అదనపు గేట్లు పెడతారు. ఎక్కువ గేట్లు పెట్టి తక్కువ సమయం కొనుక్కోవడమన్న మాట. తక్కువ నాండ్‌లే గొప్ప అనే ఆట లెక్క చిప్ తయారుచేసేవాళ్ల దగ్గర అన్ని వేళలా చెల్లదు.

రుణసంఖ్యల మెట్టులో పదహారు 1లు వరుసగా ఉంటే దాన్ని మైనస్ ఒకటి అంటారేమిటి, అది 65,535 కదా అంటారు. రెండూ నిజమే. పాత స్కూటర్ మీటరు సున్నాల దగ్గరుండగా ఒక కిలోమీటరు వెనక్కి తిప్పితే అన్నీ తొమ్మిదులు పడతాయి. ఇదీ అంతే. పదహారు 1లకు 1 కూడితే అన్నీ 0లై, మిగిలిన క్యారీ బయటికి రాలిపోతుంది. ఒకటి కూడితే సున్నా అయ్యే సంఖ్యను మైనస్ ఒకటి అనక ఏమంటాం? సగం నమూనాల్ని రుణసంఖ్యలకు కేటాయించుకుంటే మైనస్ 32,768 నుంచి 32,767 దాకా రాసుకోవచ్చు. తీసివేతకు బిలో బిట్లన్నీ తిరగేసి, 1 కలిపి, ఎకు కూడాలి. ఇంకో దారి కూడా ఉంది: ఎను తిరగేయండి, దానికి బి కూడండి, వచ్చినదాన్ని మళ్లీ తిరగేయండి. జవాబు ఎ మైనస్ బి. ఆ 1 కలిపే బెడద ఉండదు. ఎందుకు కుదురుతుందో కాగితం మీద చేసి చూడండి, ముచ్చటగా ఉంటుంది.

ఇప్పుడు లాచ్. ఇప్పటిదాకా కట్టినవాటికి గతం లేదు. ఇన్‌పుట్ మారితే అవుట్‌పుట్ మారుతుంది, అంతకుముందు ఏముందో దానికి తెలియదు. లాచ్‌కు రెండు ఇన్‌పుట్లు. ఒకటి డి, దాచవలసిన బిట్. ఇంకొకటి దాచమనే ఆజ్ఞ. ఆజ్ఞ 1 అయితే డి ఏదో అవుట్‌పుట్ అదే. ఆజ్ఞ 0 అయితే అవుట్‌పుట్ ఇంతకుముందు ఏదుంటే అదే ఉండాలి. ఇంతకుముందు అనే మాట ఈ ఆటలో మొదటిసారి వినపడేది ఇక్కడే. సత్యపట్టికలో ఆ గడిలో 0 రాయలేం, 1 రాయలేం. ఆడేవాళ్లు ఇక్కడ చేతులెత్తేస్తారు. ఆ పాత విలువను ఏ పెట్టెలో దాచాలి? దాచే పెట్టె ఏది?

దాచే పెట్టె లేదు. అవుట్‌పుట్ తీగను వెనక్కి తిప్పి అదే సర్క్యూట్ ఇన్‌పుట్‌కు ఇస్తే సరి. రెండింటిలో ఒకదాన్ని ఎంచుకునే సెలెక్టర్ సర్క్యూట్ ఒకటి తీసుకోండి. ఆజ్ఞ 1 అయితే డిని ఎంచుకోమనండి. 0 అయితే దాని సొంత అవుట్‌పుట్‌నే ఎంచుకోమనండి. 1 ఇస్తున్నంతసేపూ తనకే 1 అందుతుంది కాబట్టి 1నే ఇస్తుంది. 0 అయితే 0నే పట్టుకుని కూర్చుంటుంది. తీగను ఇలా వెనక్కి తిప్పవచ్చా అని భయపడుతూ అడుగుతారు. తిప్పవచ్చు, తిప్పకుండా జ్ఞాపకం రాదు. 1918లో ఇంగ్లండులో ఎక్లెస్, జోర్డాన్ అనే ఇద్దరు భౌతికశాస్త్రవేత్తలు రెండు వాక్యూమ్ ట్యూబులను ఇలాగే ఒకదాని అవుట్‌పుట్ ఇంకొకదానికి ఇచ్చి పేటెంటుకు దరఖాస్తు పెట్టారు. అప్పటికి ఎలక్ట్రానిక్ కంప్యూటర్ అన్న ఊహే ఇంకా రూపం దిద్దుకోలేదు.

లాచ్ వచ్చాక ఫ్లిప్‌ఫ్లాప్ ఎందుకు, గడియారపు తీగ ఎందుకు అనేది తర్వాతి ప్రశ్న. ఒక్కొక్కటిగా లెక్కపెట్టే కౌంటర్ కట్టడానికి ప్రయత్నించండి, అర్థమవుతుంది. లాచ్‌లలో 5 ఉంది. దాన్ని ఒకటి కూడే సర్క్యూట్‌కు ఇచ్చాం, 6 వచ్చింది. ఆ 6ను మళ్లీ లాచ్‌లకు పంపాం. ఆజ్ఞ 1గా ఉన్నంతసేపూ లాచ్ తలుపు తెరిచే ఉంటుంది గనుక 6 లోపలికి రాగానే బయటికి వచ్చేస్తుంది, 7 అవుతుంది, 8 అవుతుంది. ఆజ్ఞ తీసేసేసరికి ఎక్కడ ఆగుతుందో ఎవరూ చెప్పలేరు. క్యారీలు దార్లో ఉండగానే కొత్త విలువ వచ్చి పడుతుంటే అసలు సరైన సంఖ్య మీదైనా ఆగుతుందో లేదో. వరుస అనేది లేని చోట వరుసను తెచ్చిపెట్టడానికి గడియారం కావాలి. ఫ్లిప్‌ఫ్లాప్‌లో రెండు లాచ్‌లు వెనకా ముందూ ఉంటాయి. గడియారం 0 ఉన్నప్పుడు మొదటిది తెరుచుకుంటుంది, 1 ఉన్నప్పుడు రెండోది. రెండూ ఒకేసారి తెరుచుకోవు. కాబట్టి ఒక టిక్కుకు ఒక్క అడుగే పడుతుంది.

అడుగుకూ అడుగుకూ మధ్య విరామం ఎంతుండాలి? కూడిక సర్క్యూట్‌లో ఆఖరి క్యారీ చేరేటంత. అంతకన్నా వేగంగా టిక్కు కొడితే తప్పుడు జవాబు దాచుకుంటాం. మూడు గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ అంటే సెకనుకు 300 కోట్ల టిక్కులు. ఒక టిక్కులో కాంతి కూడా పది సెంటీమీటర్లకు మించి పోలేదు. ఆ కాస్త వ్యవధిలోనే వార్తలన్నీ చేరాలి. ప్రోగ్రామర్లకు అలవాటైన ముందు ఇది, తర్వాత అది అనే వరుస ఈ టిక్కుల నుంచి వచ్చిందే. ఆట మొదట్లో ఆ అలవాటును పక్కన పెట్టమని చెప్పి, ఇక్కడ దాన్ని మన చేతే కట్టిస్తుంది. లాచ్‌కు జవాబు చూడొద్దని అంత గట్టిగా చెప్పింది ఇందుకే.

చివరి మెట్లలో ఒక్కటి చెప్పి ఆపుతాను. కంప్యూటర్ పూర్తయ్యాక దానికి ఆదేశాలు రాసేవాళ్లు, మైనస్ ఒకటిని నేరుగా సంఖ్యలు దాచే రిజిస్టర్‌లో ఎందుకు పెట్టలేం అంటారు. ఆదేశం కూడా 16 బిట్లే. ఇది సంఖ్యా, చేయవలసిన పనా అని చెప్పడానికి మొదటి బిట్ ఖర్చైపోతుంది. మిగిలిన పదిహేనింటిలో 32,767 దాకా ధనసంఖ్యలే పడతాయి. రుణసంఖ్య కావాలంటే లెక్కలు చేసే భాగం చేత తయారుచేయించుకోవాలి. ఇది లోపం కాదు. 16 బిట్లతో గుట్టుగా సంసారం చేయాలంటే ఎక్కడో ఒకచోట సర్దుకోక తప్పదు.

చిల్లర ప్రశ్నలు కొన్ని. ఫోనులో ఆడవచ్చా? వేలితో సన్నటి తీగలు లాగడం చికాకు, మౌసు ఉన్న కంప్యూటర్ మంచిది. ఆడినదంతా పోయిందేమిటి? ఆట మీ ప్రగతిని మీ బ్రౌజర్‌లోనే దాచుకుంటుంది. బ్రౌజర్ డేటా తుడిచేస్తే అదీ పోతుంది, ఇంకో కంప్యూటర్‌లో తెరిస్తే కనపడదు. ఇంగ్లిషు బాగా రావాలా? ప్రతి మెట్టుకూ రెండు మూడు వాక్యాల వివరణ ఉంటుంది, మిగతాదంతా 0, 1లే. పక్కన ఒకరు చదివి చెబితే తెలుగు మీడియం పిల్లలు హాయిగా ఆడతారు.

ఇది ఆడితే చిప్ డిజైన్ ఉద్యోగం వస్తుందా? రాదు. హైదరాబాద్‌లో, బెంగళూరులో చిప్‌ల మీద పనిచేసే మనవాళ్లు ఎవరూ గేట్లను ఒక్కొక్కటిగా తీగలతో కలపరు. వెరిలాగ్ వంటి భాషల్లో రాస్తే, గేట్లను ఎంచి పేర్చే పని సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. ఒకప్పుడు మాత్రం గేటు గేటూ మనుషులే కలిపారు. ముంబైలోని ట్రాంబేలో రూపుదిద్దుకున్న 12 బిట్ల కంప్యూటర్ టి.డి.సి.-12ను హైదరాబాద్‌లోని ఇ.సి.ఐ.ఎల్. అనే ప్రభుత్వ సంస్థ తయారుచేసింది. ఆ సంస్థను 1967లో నిలబెట్టిన ఎ.ఎస్. రావు గారు మన తెలుగువారు. ఈ ఆట ఉద్యోగం ఇవ్వదు గానీ, వెరిలాగ్ నేర్చుకునే విద్యార్థి అందులో రాసిన వరుసలన్నీ ఒకేసారి జరుగుతాయంటే నోరెళ్లబెట్టకుండా చేస్తుంది.

ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం ఫిజిక్స్ పుస్తకంలో చివర్లో లాజిక్ గేట్లున్నాయి. నాండ్, నార్ గేట్లను నిర్వచించి సత్యపట్టికలు రాయమని పరీక్షల్లో అడుగుతారు. పిల్లలు బట్టీ పట్టి రాస్తారు, మర్చిపోతారు. అధ్యాపకులకు నా మనవి ఒక్కటే. ఆ పాఠం చెప్పే వారంలో ఒక్క పీరియడు కంప్యూటర్ ల్యాబ్‌కు తీసుకెళ్లి, రిలేల నుంచి హాఫ్ యాడర్ దాకా ఆడించండి. ఇద్దరేసి పిల్లల్ని ఒక్కో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టండి. జవాబు మాత్రం చెప్పకండి.